కావేరిలో మహసీరు: వేటచిట్టాలు చెప్పిన కథ

చేపలు పట్టుట మానవుని ప్రాచీన వృత్తులలో ఒకటి. కొందరు ఆకలి తీర్చుకొనుటకు పట్టినారు, కొందరు అమ్ముకొనుటకు పట్టినారు. మరికొందరు కేవలము వినోదమునకే గాలము వేసినారు. ఈ వినోదము మన దేశమునకు కొత్త కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన ‘మానసోల్లాసము’లో మత్స్యవినోదమునకే ఒక ప్రకరణము కలదు. ఏ చేప ఎక్కడ తిరుగును, ఏ చేపకు ఏ మేత వేయవలెను అను విషయములు అందులో ఉన్నవి. ప్రసిద్ధ మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించి, మన పూర్వులకు చేపలను గూర్చి ఉండిన పరిజ్ఞానమును పండితలోకమునకు చూపినాడు.

గాలపు వేటగాండ్రు మిక్కిలి కోరుకొను మంచినీటి చేప మహసీరు. ఇది మన బొచ్చె, రోహు చేపల బంధువర్గమునకు చెందినదే. ఐతే దాని నివాసము చెరువు కాదు. రాళ్ళ మీదుగా ఉరుకులతో పారు స్వచ్ఛమైన నది. పెద్ద పొలుసులు, దళసరి పెదవులు, గొప్ప బలము దాని లక్షణములు. కావేరి, దాని ఉపనదులలో ఒకప్పుడు విరివిగా ఉండిన జాతికి తల వెనుక ఎత్తైన మూపురము ఉండును. కావున దానిని మూపురపు మహసీరు అని పిలిచినారు. 1946లో మైసూరు ప్రాంతమున కబిని నదిలో వాన్ ఇంగెన్ అను వేటగాడు గాలముతో పట్టిన చేప 120 పౌనులు, అనగా దాదాపు 54 కిలోగ్రాములు తూగినది. ఇంటిలోని పెద్ద బియ్యపు బస్తా కంటె అది బరువైనది!

ఇంతటి చేపకు ముప్పు నూరేండ్లకు పూర్వమే కనిపించినది. మద్రాసు ప్రభుత్వోద్యోగి యగు హెచ్. ఎస్. థామస్ స్వయముగా గాలపు వేటయందు ఆసక్తి గలవాడు. 1873లో అతడు ప్రకటించిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ఈ వేటపై ప్రసిద్ధ గ్రంథము. చేపపిల్లలను విచక్షణ లేక పట్టివేయుట వలన నదులు వట్టిపోవునని అతడు ప్రభుత్వమునకు విన్నవించినాడు. నీటిలో తోటాలు పేల్చి, విషము కలిపి చేపలను చంపుటను నిషేధించుచు 1897లో భారత మత్స్య చట్టము వెలువడినది. తోటా పేలిన మడుగులో పెద్ద చేపతోపాటు పిల్లచేప కూడ చచ్చును. మరునాటికి పట్టుటకు ఏమియు మిగులదు. ఐతే చట్టము పుస్తకములో ఉండుట వేరు, అడవి నడుమ నదీతీరమున అది అమలగుట వేరు.

ఇరవయ్యవ శతాబ్దిలో కావేరికి మరికొన్ని ఇబ్బందులు వచ్చినవి. 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తియైనది. ఉపనదులపై సైతము ఆనకట్టలు లేచినవి. ఎదురీది పైకి పోయి గులకరాళ్ళ నడుమ గుడ్లు పెట్టు చేపకు ఆనకట్ట దాటరాని గోడ.

ఈ పరిస్థితిలో వేటగాండ్ర సంఘములే సంరక్షణకు పూనుకొనుట విశేషము. కర్ణాటకలో దక్షిణ భారత వన్యప్రాణి సంఘము, కొడగు వన్యప్రాణి సంఘము మొదలగునవి నదిలో కొన్ని భాగములను ప్రభుత్వము నుండి కౌలుకు తీసుకొని కాపలా పెట్టినవి. పట్టిన చేపను తూచి, తిరిగి నీటిలో విడిచిపెట్టవలెనను నియమము నెలకొన్నది. దేశవిదేశముల నుండి వేటగాండ్రు వచ్చినారు. తీర గ్రామముల యువకులకు దారి చూపువారుగను, కాపలాదారులుగను జీవనోపాధి దొరికినది. గాలమునకు ఎర ఏమనుకొన్నారు? ఆ ఊళ్ళవారు తిను రాగిపిండినే ఉడికించి చేసిన ముద్ద!

ఇదే కాలమున మహారాష్ట్రలోని లోనావాలాలో టాటా విద్యుత్ సంస్థవారు మహసీరు పిల్లలను ఉత్పత్తి చేయు కేంద్రమును నెలకొల్పినారు. సి. వి. కులకర్ణి, ఎస్. ఎన్. ఓగలే అను శాస్త్రజ్ఞులు తల్లిచేపల నుండి గుడ్లను పిండి, మగచేపల పాలతో కలిపి, పిల్లలను పొదిగించు పద్ధతిని 1970 దశకమున అభివృద్ధి పరచినారు. అది నిజముగా గొప్ప విజయము. అక్కడి పిల్లలను దేశములోని అనేక జలాశయములకు, నదులకు పంపినారు. కావేరికి కూడ పంపినారు.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. లోనావాలాలో పెంచినది నీలి వాజముల మహసీరు. (వాజములు అనగా చేప ఈతరెక్కలు.) శాస్త్రములో దీని పేరు టోర్ ఖుద్రీ. దీనిని 1839లో సైక్స్ అను శాస్త్రజ్ఞుడు పుణె దగ్గరి ముళా-ముఠా నది నుండి వర్ణించినాడు. ఆ నీరు భీమలో కలిసి, భీమ కృష్ణలో కలియును. అనగా ఇది మన కృష్ణా పరీవాహక ప్రాంతపు చేప. కావేరిలోని మూపురపు చేప దీనికి దాయాదియే గాని ఇది కాదు. ఐనను ఆనాడు రెంటినీ మహసీరే అనుకొన్నారు. మహసీరు తరిగిపోవుచున్న నదిలో మహసీరు పిల్లలను వదలుట మేలని ఎవరికి తోచదు?

ఈ పని ఫలితమును తెలిపినవి వేటగాండ్ర చిట్టాలే. కావేరి తీరమున గాలిబోరె అను చోట ఒక వేట శిబిరము ఉండెడిది. అక్కడ ప్రతిదినము ఎవరు ఎన్ని గంటలు గాలము వేసినారు, ఎన్ని చేపలు పడినవి, వాని బరువెంత అను వివరములు వ్రాసి ఉంచెడివారు. 1998 నుండి 2012 వరకు గల ఈ చిట్టాలను పిండర్, రాఘవన్, బ్రిటన్ అను పరిశోధకులు పరిశీలించి 2015లో ఫలితములు ప్రకటించినారు. మొత్తము 23,620 గంటల వేటలో 6,161 మహసీరులు పడినవి. మొదటి సంఖ్యను రెండవదానితో భాగించి చూడుడు. ఒక చేపకు సుమారు నాలుగు గంటల నిరీక్షణ అన్నమాట!

కేవలము చేపల సంఖ్య వలన నదిలోని చేపల స్థితి తెలియదు. పదిమంది పట్టిన చేపలు ఒక్కడు పట్టిన వాని కంటె ఎక్కువ ఉండుట సహజము. కావున గంటకు ఎన్ని పడినవో లెక్క కట్టవలెను. ఆ విధముగ చూడగా ఏటేట గంటకు పడు చేపల సంఖ్య పెరిగినది. సగటు బరువు తగ్గినది. అనగా పిల్లచేపలు బాగుగా పెరిగి వచ్చుచున్నవి. పట్టి విడుచు నియమము ఫలించినదని సంతోషింపదగిన ఫలితము.

కాని రెండు జాతులను విడదీసి చూడగా సంతోషము నిలువలేదు. 1993కు పూర్వము వేటలో కానరాని నీలి వాజముల చేపయే ఇప్పుడు అధిక సంఖ్యాకము. పెరిగినది అదియే. మూపురపు చేప నానాటికి అరుదైనది; పడిన కొద్ది చేపలును ముసలివి, పెద్దవి. పిల్లలు లేవు. ఊరిలో వృద్ధులే తప్ప ఊయల ఊగు ఇల్లు ఒక్కటియు లేనిచో ఆ ఊరి భవిష్యత్తు ఏమగునో చెప్పనక్కరలేదు. మొత్తపు లెక్క ఒక జాతి క్షీణతను మరొక జాతి వృద్ధి చాటున దాచివేసినది!

మరి అంతటి ప్రసిద్ధమగు చేప శాస్త్రీయ నామమేమి? ఆశ్చర్యమేమనగా, నూరేండ్లకు పైగా వేటాడినను అది నిర్ధారణ కాలేదు. ఒక్కొక్క గ్రంథము ఒక్కొక్క పేరు చెప్పినది. చివరకు 2018లో ఆకారమును, జన్యుపదార్థమును పరీక్షించి, ఇది టోర్ రెమాదేవీ అని తేల్చినారు. కేరళలోని పాంబార్ అను కావేరి ఉపనది చేపలకు 2007లో పెట్టిన పేరది; భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన రెమాదేవి గారి గౌరవార్థము పెట్టినది. పేరు తేలిన పిమ్మట అదే సంవత్సరము అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని తీవ్ర ప్రమాదములోనున్న జాతుల పట్టికలో చేర్చినది. పేరు లేని ప్రాణికి రక్షణ కల్పించుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

క్షీణతకు కొత్త చేప రాక ఒక్కటియే కారణమని అనరాదు. ఆనకట్టలు, ఇసుక తవ్వకము, తోటాల వేట అన్నియు కలవు. వన్యప్రాణి అభయారణ్యములో వినోదపు వేట కూడదను నిర్ణయముతో 2012లో ఆ శిబిరములలో గాలములు ఆగినవి. గాలములతోపాటు చిట్టాలు కూడ ఆగినవి. నిషేధము మంచిదా కాదా అన్న వాదము అటుండగా, నదిలోని మార్పును ఏండ్ల తరబడి వ్రాసి ఉంచిన కలము మూతపడుట మాత్రము నష్టమే.

ఈ చరిత్ర మన పాఠశాలలకు ఒక పని చూపుచున్నది. మన ఊళ్ళలో చెరువులున్నవి, కాలువలున్నవి, గాలము వేయు పెద్దలున్నారు. తరగతిలో ఒక నోటుపుస్తకము పెట్టి తేదీ, స్థలము, గాలము వేసిన కాలము, పడిన చేప రకము, పొడవు వ్రాసినచో పదేండ్లకు అది చిన్న శాస్త్రగ్రంథము కాగలదు. రెండు విషయములు మరువరాదు. ఏమియు పడని దినమును కూడ వ్రాయవలెను. లేనిచో గంటకు ఎన్ని పడినవో లెక్క తప్పును. ‘చేప’ అని ఊరుకొనక ఏ చేపయో వ్రాయవలెను. లేనిచో కావేరిలో వలెనే ఒకటి పెరిగి మరొకటి మాయమగుచున్నను మన పుస్తకములో అంతయు బాగుగనే కనిపించును.