నీటినంటని పోగుల పొర: ఎలక్ట్రోస్పిన్నింగ్

కోల్‌కతా సమీపాన, హుగ్లీ నది ఒడ్డున ఉన్న రిష్రాలో 1855లో తొలి జనపనార మిల్లు వెలిసింది. ఆ తీరంలోని టీటాగఢ్ వంటి మిల్లు పట్టణాలకు ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కార్మికులు కూడా తరలివెళ్లారు. అక్కడ నేసిన గోనె సంచి మట్టిలో కలిసిపోతుంది, కానీ చెమ్మను పీల్చుకుంటుంది. అందుకే తేమకు పాడయ్యే సరుకు నింపేటప్పుడు లోపల ప్లాస్టిక్ పొర వేయవలసి వస్తోంది. నీటిని ఆపుతూనే మట్టిలో కలిసే పొరను తయారు చేయడానికి శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్న మార్గాలలో ఎలక్ట్రోస్పిన్నింగ్ ఒకటి.

ఇందులో జీవవిచ్ఛిత్తి చెందే పాలిమర్‌ను ద్రావణిలో కరిగించి, సిరంజిలో నింపి, సూదికి సాధారణంగా 10 నుంచి 30 కిలోవోల్టుల విద్యుత్తు ఇస్తారు. సూది మొనపై బొట్టు శంకువుగా సాగి, దాని కొస నుంచి సన్నని ధార వెలువడుతుంది. అది కొరడాలా మెలికలు తిరుగుతూ ఆరి, ఎదుటి పలకపై తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగులుగా పేరుకుంటుంది. దీనికి పేటెంట్లు 1902 నాటివే. శంకువు గణితాన్ని జెఫ్రీ టేలర్ 1964లో వివరించారు.

తామరాకుపై నీరు నిలవదన్నది మనకు సామెతంత పాత సంగతి. ఆకు మైనపు పూతకు సూక్ష్మమైన బుడిపెలు తోడవడమే దానికి కారణం. బొట్టు ఉపరితలంతో చేసే కోణం 150 డిగ్రీలు దాటి, కొద్ది వాలుకే జారిపోతే ఆ ఉపరితలాన్ని అతి జలవికర్షకం అంటారు. నున్నని పాలీలాక్టిక్ ఆమ్లపు పొరపై ఆ కోణం 80 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అదే పదార్థం పోగులుగా, పూసలుగా పేరుకుంటే మధ్య చిక్కిన గాలి బొట్టును పైకెత్తి, కోణాన్ని బాగా పెంచుతుంది. రంధ్రాలున్న ఉపరితలాల ఈ తీరును కాస్సీ, బాక్స్టర్ 1944లోనే సూత్రీకరించారు.

అయితే బొట్టు జారడం వేరు, వానను ఆపడం వేరు. ఒత్తిడి పెరిగితే నీరు గాలిని తోసివేసి పోగుల్లోకి దిగుతుంది. అందుకే మైనాన్నో, సిలికా రేణువులనో జోడిస్తారు. ఫ్లోరిన్ రసాయనాలు మరింత బాగా పనిచేసినా, అవి ప్రకృతిలో తేలికగా నశించవు కనుక వాటిని వాడితే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది.

పాలిమర్ ఎంపికా తేలిక కాదు. పాలీలాక్టిక్ ఆమ్లం త్వరగా విచ్ఛిన్నం కావాలంటే సుమారు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి. మామూలు మట్టిలో ఎంతో నెమ్మది. పాలీకాప్రోలాక్టోన్‌ను సూక్ష్మజీవులు తింటాయి, కానీ అది 60 డిగ్రీలకే కరుగుతుంది. పైగా ద్రావణిగా తరచు వాడే క్లోరోఫామ్ హానికరం.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేగం. ఒక్క సూది నుంచి గంటకు సాధారణంగా గ్రాము లోపు పోగే వస్తుంది; ధాన్యం గోనె సంచి ఒక్కటే అర కిలో పైచిలుకు తూగుతుంది. సూదులు లేకుండా, ద్రావణంలో తిరిగే రోలరు నుంచి ఒకేసారి అనేక ధారలను లాగే యంత్రాలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి.