ఇరుసు ఎక్కడ ఉండాలి? – బొమ్మ ట్రాలీలు చెప్పే చరిత్ర

గత చలికాలం సెలవుల్లో ఒక కిట్టు కొన్నాను. యుద్ధానంతర కాలంలో ఇంగ్లండు పొలాల్లో తిరిగిన ఫెర్గూసన్ 3 టన్నుల ట్రాలీకి అది 1/32 కొలత నమూనా. పెట్టెలో తెల్లలోహపు ముక్కలు, కొంత ఇత్తడి తీగ, రెండు రబ్బరు చక్రాలు, ఒక కాగితం మీద చిత్రపటం ఉన్నాయి. ముక్కలను ఆకురాయితో నునుపు చేసి, అతికించి, బూడిదరంగు వేసేసరికి మూడు వారాంతాలు గడిచాయి. అంతా అయ్యాక చిత్రపటంతో పోల్చి చూస్తే ఒక తప్పు కనిపించింది. ఇరుసును తొట్టి నడిమికి దగ్గరగా అతికించాను. అసలు బండికి అది బాగా వెనక ఉంటుంది. అడుగున ఆనవాలు గుంటలు లేకపోవడంతో, మధ్యలో ఉండడమే సబబని నా కన్ను తీర్పు చెప్పింది. ఆ తప్పును దిద్దుకునే ప్రయత్నంలో తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

సైనికుల నుంచి రైతుల దాకా

ముందుగా 1/32 అన్న కొలత సంగతి. ఇది పొలంలో పుట్టలేదు. లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ 1893లో లోపల డొల్లగా ఉండే సీసపు సైనికుల బొమ్మలను పోత పోయడం మొదలుపెట్టింది. ఆనాటి బొమ్మ రైళ్ళకు జతపడేలా సైనికుడి ఎత్తును 54 మిల్లీమీటర్లుగా తీసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక యుద్ధపు బొమ్మల మీద జనానికి విముఖత కలిగింది. 1921 ప్రాంతంలో అదే సంస్థ రైతును, ఆవును, గుర్రపు బండిని అదే పరిమాణంలో తయారుచేసి ‘హోమ్ ఫార్మ్’ పేరుతో అమ్మింది. నేటికీ బ్రిటన్‌లో వ్యవసాయ నమూనాలకు 1/32 ప్రామాణికం కావడానికి మూలం అక్కడే ఉంది. అమెరికాలో దారి వేరు. 1945లో ఫ్రెడ్ ఎర్టల్ అయోవా రాష్ట్రంలో తన ఇంటి నేలమాళిగలో అల్యూమినియం కరిగించి, ఇసుక అచ్చుల్లో బొమ్మ ట్రాక్టర్లు పోశాడు. అక్కడ 1/16 కొలత స్థిరపడింది.

వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. సీసం పిల్లల మెదడుకు విషం. 1960ల మధ్యలో బ్రిటన్ సంస్థ సీసపు బొమ్మలను మానుకుంది. నేటి కిట్టుల్లోని తెల్లలోహం ప్రధానంగా తగరం. పాత కిట్టుల్లో సీసమూ ఉండేది. అందువల్ల పాతవి ఆకురాయితో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి, ఆ బల్ల దగ్గరకు పిల్లలను రానివ్వకూడదు.

బల్ల మీద నడిచిన ట్రాక్టరు

నమూనా అంటే కాలక్షేపమేనా? హారీ ఫెర్గూసన్ జీవితంలో అలా జరగలేదు. ఈయన 1884లో ఐర్లండులో, డౌన్ కౌంటీలో ఒక రైతు ఇంట పుట్టాడు. 1917 నుంచి విరివిగా అమ్ముడైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరులో ఒక ప్రాణాంతకమైన లోపం ఉండేది. వెనక లాగుతున్న నాగలి రాయికో వేరుకో తగులుకుని ఆగిపోతే, ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, డ్రైవరు మీదికి వెనక్కి తిరగబడేది. ఫెర్గూసన్ నాగలిని మూడు కడ్డీలతో ట్రాక్టరుకు కలిపాడు. కింది రెండు కడ్డీలు లాగుతాయి. పై కడ్డీ ట్రాక్టరును ముందుకు నెట్టి, ముందు చక్రాలను నేల మీద ఉంచుతుంది. నాగలి మీది బరువు కొంత వెనక చక్రాల మీదికి వచ్చి వాటికి పట్టు పెరుగుతుంది.

1938 అక్టోబరులో ఆయన అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకు పొలంలో ఈ పద్ధతిని ప్రదర్శించాడు. తర్వాత స్ప్రింగు తాళంతో నడిచే ఒక చిన్న నమూనా ట్రాక్టరును బల్ల మీద నడిపి, అందులోని సూత్రాన్ని వివరించాడు. కాగితం లేకుండానే, కరచాలనంతో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాదే ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. హెన్రీ ఫోర్డు మనవడి హయాంలో ఆ ఒప్పందం చెడింది. ఫెర్గూసన్ దావా వేసి, 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీపడ్డాడు. ఈలోగా 1946 నుంచి కోవెంట్రీలో టీఈ20 తయారవుతోంది. 1956 దాకా 5 లక్షలకు పైగా వచ్చాయి. 1953లో ఆయన సంస్థ మాసీ-హారిస్‌తో కలిసింది. ఆ వంశమే 1960లో మద్రాసులో స్థాపితమైన టాఫే ద్వారా మన పల్లెల్లోకి ‘మాసీ’ పేరుతో వచ్చింది.

కాడిని ఎత్తి చూడడం

ఇక ట్రాలీ. దీనికి రెండే చక్రాలు, అవీ వెనక. కొక్కెం ట్రాక్టరు వెనక ఇరుసు కంటే దిగువన ఉంటుంది. అందువల్ల సరుకు బరువులో కొంత ట్రాక్టరు వెనక చక్రాల మీద పడుతుంది. సుమారు 1,100 కిలోల తేలికపాటి ట్రాక్టరు బురదలోనూ 3 టన్నులు లాగగలగడంలో కీలకం ఇదే.

ఈ సూత్రం మన బండివాళ్ళకు కొత్త కాదు. బస్తాలు వేశాక మా తాతయ్య కాడిని చేత్తో ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేస్తే ఒక బస్తా ముందుకు జరపమనేవాడు, బరువనిపిస్తే వెనక్కి. వెనక బరువెక్కువైతే నొగలు లేచి, ఎడ్ల మెడకింద పలుపు బిగుసుకుంటుంది. హరప్పా, చన్హుదారో తవ్వకాల్లో దొరికిన మట్టి బొమ్మబండ్లు కూడా ఈ చర్చలోకి వస్తాయి. సుమారు 4,500 ఏళ్ళ నాటి ఆ బొమ్మల్లో కర్ర ఇరుసులు నశించాయి. తొట్టి, చక్రాలు, పుల్లలు గుచ్చిన రంధ్రాలు మిగిలాయి. నాటి అసలు బండ్లు మనకు దక్కలేదు కనుక, వాటి నిర్మాణాన్ని ఊహించడానికి చరిత్రకారులకు ప్రధానమైన ఆధారం ఈ బొమ్మలే.

1990లలో గుంటూరు వైపు హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. బురదలో దిగబడ్డ ట్రక్కును బయటికి లాగడానికి గొలుసును ట్రాక్టరు వెనక ఎత్తుగా, సీటు కింద కట్టారట. ట్రాక్టరు వెనక్కి తిరగబడింది. మూడో రోజు అతను పోయాడు. కటి ఎముకలు, రక్తస్రావం, ఎక్కించిన సీసాల లెక్క, అన్నీ కేసు షీటులో రాశాను. గొలుసు ఎక్కడ కట్టారన్నది రాయలేదు. అది వైద్యానికి సంబంధించిన విషయమని నాకు అప్పుడు తోచలేదు. గొలుసును ఇరుసు కంటే దిగువన కట్టి ఉంటే ట్రాక్టరు అలా లేచేది కాదని ఇప్పుడు తెలుసు.

నమూనా ఇరుసును ఊడదీసి, చిత్రపటం ప్రకారం వెనక్కి జరిపాను. 1/32 కొలతలో బరువు 32 ఘనం, అంటే 32,768 వంతులు తగ్గుతుంది. 3 టన్నులు 93 గ్రాములవుతాయి. అన్ని గ్రాముల బియ్యం తొట్టిలో పోసి, కొక్కేన్ని వంటింటి త్రాసు మీద ఆనించాను. బొమ్మ సొంత బరువు మినహాయిస్తే 19 గ్రాములు చూపింది, అంటే అయిదోవంతు. అసలు బండిలో అది సుమారు 600 కిలోలు. అదే బియ్యంతో, ఇరుసు మధ్యలో ఉన్నప్పుడు త్రాసు ముల్లు దాదాపు కదల్లేదు.

మా అబ్బాయి పక్కన నిలబడి చూస్తున్నాడు. కొక్కేన్ని వేలితో ఎత్తి చూడమన్నాను. తాతయ్య కాడిని ఎత్తి చూసినట్టే ఎత్తి, “బరువుంది నాన్నా” అన్నాడు.