ఈగెల్ స్తంభం

జర్మనీలో ట్రియర్ నగరానికి సమీపాన, మొజెల్ లోయలో ఈగెల్ అనే పల్లెలో సుమారు 23 మీటర్ల ఎర్ర ఇసుకరాతి స్తంభం ఉంది. క్రీ.శ. 250 ప్రాంతంలో సెకుందీనియస్ కుటుంబపు బట్టల వ్యాపారులిద్దరు, గతించిన తమవారికీ, బతికుండగానే తమకూ కలిపి కట్టించిన సమాధి స్మారకమది.

పైన దేవతల కథలు ఎన్ని ఉన్నా, నన్ను ఆకట్టుకున్నవి మామూలు పనుల బొమ్మలే. బట్ట నాణ్యం చూడడం, కౌలుదార్లు కుందేలూ చేపలూ తెచ్చివ్వడం, వంటిల్లు, లెక్కల బల్ల. ఏళ్లతరబడి లెడ్జర్లు రాసిన మనకు ఆ బల్ల దగ్గరివాళ్లు పరాయివారనిపించరు!

ఆ ప్రాంతపు సమాధుల రాళ్లెన్నో నాయ్‌మాగెన్ కోట పునాదుల్లోకి పోయాయి. ఇది మిగిలిందంటే జనం పొరబడినందువల్లే. మధ్యయుగంలో ముందువైపు పెద్ద బొమ్మను కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లిదండ్రుల పెళ్లి అనుకొని స్తంభం జోలికి పోలేదు. నిజానికది ఆ ఇంటివాళ్లు చేయి చేయి పట్టుకొని తీసుకొంటున్న సెలవు.