మడగాస్కరు దీవి సాలెపట్టు

పట్టుపురుగు గూటిని విప్పి వస్త్రము నేయుట ప్రాగ్దేశములకు అతిప్రాచీనమైన విద్య. సాలీటి దారమును మగ్గమున కెక్కింపవలెనను కోరిక మాత్రము ఐరోపా పండితులలో పదునెనిమిదవ శతాబ్దారంభమున బలపడెను. 1709లో ఫ్రాన్సు దేశీయుడగు బాన్ అను నతడు సాలీళ్ల గ్రుడ్లసంచుల నుండి తీసిన నూలుతో మేజోళ్లును చేతితొడుగులును చేయించి చూపగా, దాని సాధ్యాసాధ్యములను విచారించు పని రెయొమ్యూరను ప్రకృతిశాస్త్రజ్ఞునిపై బడెను. ఆయన పెంచి చూచి తేల్చినది యిది: ఒక్కచోట నుంచిన సాలీళ్లు ఒకదాని నొకటి భక్షించును. ఆకు మేసి బ్రదుకు పట్టుపురుగు గుంపులో నిముడును గాని, వేటాడి బ్రదుకు ఈ యేకాకిని ఇముడ్చుట యెట్లు? పెంపకపు టాశ అంతటితో చాలవరకు అడుగంటెను.

ఆ చిక్కు విడినది మడగాస్కరు దీవిలో. అదియు సాలీటి స్వభావమును మార్చుటచేత గాక, దానికి లొంగుటచేత. అచ్చటివారు హలబే యని పిలుచు పెద్ద సాలీడు చెట్ల నడుమను తంతిస్తంభముల నడుమను చక్రాకారమైన విశాలజాలమును పన్ని, దాని మధ్యమున తలక్రిందుగా వేచియుండును. ఈ వైభవమంతయు ఆడుదానిదే; మగది ఆ గూటి యంచుల మసలు అల్పప్రాణి. ఈ వంశపు పెద్ద సాలీళ్లు మన తూర్పుకనుమల అడవులలోను కలవు. సాలీటి ఉదరమున వేర్వేరు గ్రంథులు వేర్వేరు పోగులకు ద్రవమును సిద్ధపరచును: ఎరను అంటించుకొను జిగురుపోగు వేరు, గూటి చట్రమునకును తాను వ్రేలాడుటకును వాడు గట్టిపోగు వేరు. నేతకు పనికివచ్చునది యీ రెండవదే. లాగినకొలదిని ద్రవము దారమై గట్టిపడుచు వచ్చును. దాని బంగారువన్నె సహజము, అద్దకము కాదు.

పందొమ్మిదవ శతాబ్దాంతమున కాంబ్వే అను జెస్యూటు మతాచార్యుడు సజీవమైన సాలీటి నుండి దారమును నేరుగా లాగుటకు పూనుకొనెను. పిమ్మట ఆ దీవిలోని అంటనానరివో నగరపు పారిశ్రామిక పాఠశాలలో నోగే అను నతడు, రెండు డజన్ల సాలీళ్లను ఒక్కసారి కదలకుండ నిలిపి, వాని పోగులను చేతితో త్రిప్పు చక్రముపై చుట్టు యంత్రమును రూపొందించెను. పాలు పిండుకొని ఆవును మందకు తోలినట్లు, బుట్టలలో తెచ్చిన సాలీళ్లను పని ముగియగానే మరల తోటలలో విడిచిపెట్టుచుండిరి. కనుక పెంపకపు ప్రసక్తియే లేదు. పరస్పరభక్షణ భయము బుట్టలో నున్నంతసేపే. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున ఈ పట్టుతో నేసిన శయ్యాతెరలు నిలిచినవి గాని, అంగళ్లకు మాత్రము ఆ సరకు ఎక్కలేదు.

నూరేండ్లు గడచిన పిదప సైమన్ పీర్స్, నికొలస్ గాడ్లీ యను నిరువురు ఆ పాతయంత్రపు పోలికనే క్రొత్తది చేయించి, నాలుగేండ్లు శ్రమించి, పది లక్షలకు పైబడిన సాలీళ్ల దారముతో పదునొకండడుగుల వస్త్రమును నేయించి, 2009లో న్యూయార్కున చూపిరి. 2012లో లండనున చూపిన బంగారు ఉత్తరీయమునకు పండ్రెండు లక్షల సాలీళ్లు కావలసివచ్చినవి. వానినన్నిటిని వానకాలమున, ప్రతి ఉదయమును కూలివాండ్రు పట్టి తెచ్చిరి. కరచినను నలుపకుండ, విడువకుండ తేవలెను గదా.