గొర్రు బెజ్జాలు, బండి పూటీలు: దక్షిణ తెలంగాణ వడ్రంగంలో అచ్చుల చరిత్ర

తెలంగాణ పల్లె వడ్రంగాన్ని గురించిన రచనలలో రెండు అభిప్రాయాలు తరచుగా కనిపిస్తాయి. తరతరాలుగా ఈ పని చేసిన వడ్లవారు కంటి అంచనాతో, చేతివాటంతోనే కుసినీ బెజ్జాన్నీ కుదిర్చేవారన్నది మొదటిది. కొలతలు తప్పకుండా కాపాడే అచ్చులు, రంపానికి దారి చూపే చెక్కలు రైల్వే వర్క్‌షాపుల నుంచి, పారిశ్రామిక పాఠశాలల నుంచి పల్లెకు చేరాయన్నది రెండోది. కుసి అంటే ఒక కర్ర కొనను సన్నగా చెక్కి మరో కర్రలోని బెజ్జంలోకి దూర్చే భాగం; అచ్చు అంటే ఒకసారి జాగ్రత్తగా తయారుచేసుకొని, ఆ తరువాత ప్రతి కర్ర మీదా పెట్టి గీతలు గీయడానికో, ఉలినీ బర్మానూ సరైన వాలులో నడపడానికో వాడుకునే చెక్క, దీనినే పట్నపు పనివారు ఫర్మా అనీ, యంత్రాల మీద పనిచేసేవారు జిగ్ అనీ అంటారు. పై రెండు అభిప్రాయాలూ పల్లె పనితనాన్ని మెచ్చుకుంటూనే దాని వెనుక ఉన్న ఆలోచనను చూడకుండా దాటవేశాయి.

తొలి దశలను ఇక్కడ విస్తరించనవసరం లేదు. మయమతం, మానసారం వంటి శిల్పశాస్త్ర గ్రంథాలు కర్రల అతుకులకు ప్రత్యేకంగా అధ్యాయాలే కేటాయించాయి. మల్లలీల, బ్రహ్మరాజ వంటి పేర్లతో అవి అతుకులను వర్గీకరించాయి గానీ, వాటిని కోసే ఉపాయాలను వివరించడం వాటి ఉద్దేశం కాదు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో 19వ శతాబ్ది తొలి దశాబ్దంలో మార్క్ బ్రూనెల్ రూపొందించిన యంత్రాలు ఓడల కప్పీలను ఒకే కొలతలో వరుసగా తయారుచేయడం మొదలైనప్పటి నుంచి, ఖచ్చితత్వమంటే కర్మాగారమేనన్న భావన ప్రపంచమంతటా స్థిరపడింది. నిజాం రాజ్యంలో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, ఆ తరువాతి పారిశ్రామిక శిక్షణ కేంద్రాలు ఆ భావననే ఇక్కడికి తెచ్చాయి. వాటి మేలును కాదనవలసిన పని లేదు. అయితే అక్కడ శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది పట్నాల్లోనే స్థిరపడ్డారు, షాద్‌నగర్, కల్వకుర్తి, దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో నాగళ్ళూ గొర్రులూ చెక్కినవారు వేరు.

వివాదమంతా 20వ శతాబ్ది తొలి సగానికి సంబంధించినది. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన నిజాం రాజ్యపు కులాల గ్రంథం వడ్రంగులు కూడా ఉన్న పంచవృత్తులవారి పెళ్ళి పద్ధతులకూ ఆచారాలకూ ఇచ్చినంత చోటు పనిముట్లకు ఇవ్వలేదు. ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన శామీర్‌పేట అధ్యయనం వడ్రంగికీ రైతుకూ మధ్య ఉన్న ఏడాది గింజల సంబంధాన్ని స్పష్టంగా చూపింది. కానీ ఆ సంబంధం వడ్రంగి బల్ల మీద ఏ మార్పు తెచ్చిందన్నది దాని పరిధిలోకి రాలేదు. ఈ లోటును పూరించడానికి పనికివచ్చే సాక్ష్యం పుస్తకాలలో కంటే గొర్రులోనే ఎక్కువగా ఉంది.

గొర్రు విత్తనాలను వరుసల్లో వేసే పరికరం. దాని అడ్డకర్రకు మూడో నాలుగో పళ్ళు బిగించి, ఒక్కొక్క పంటికీ ఒక్కొక్క వెదురు గొట్టం అమర్చి, గొట్టాలన్నిటినీ పైన జడ్డిగం అనే గిన్నెలో కలుపుతారు. జడ్డిగంలో పోసిన జొన్నలు గొట్టాల గుండా సమానంగా సాళ్ళలోకి జారుతాయి. థామస్ హాల్కాట్ అనే సైనికాధికారి 18వ శతాబ్ది చివర దక్షిణ భారతపు గొర్రు గురించి ఇంగ్లండుకు రాసిన వివరణను ధరంపాల్ 1971లో తన గ్రంథంలో చేర్చి, ఈ పరికరం ప్రాచీనతను చర్చకు తెచ్చాడు. అయితే గొర్రు ఒంటరిగా పనిచేయదు. పైరు మొలిచాక సాళ్ళ నడుమ కలుపు తీయడానికి దంతెలను తోలుతారు. దంతెల మధ్య దూరం గొర్రు పళ్ళ మధ్య దూరంతో కలవకపోతే దంతె ఇనుప అంచు కలుపును వదిలి జొన్నమొక్కనే కోస్తుంది. అంటే ఒకనాడు చెక్కిన గొర్రుకూ మరోనాడు చెక్కిన దంతెలకూ కొలత కలిసి తీరాలి. ఈ పని కంటి అంచనాకు లొంగేది కాదు.

ఇక్కడ బండి చక్రంతో పోలిక అవసరం. పన్నెండు ఆకుల చక్రానికి ఆరు పూటీలు, అంటే చుట్టును ఏర్పరిచే ఆరు వంపు చెక్కలు ఉంటాయి. వృత్తపు వ్యాసార్ధమంత దూరానికి విప్పిన కంపాసు దాని చుట్టు మీద సరిగ్గా ఆరు అడుగులు వేసి మొదటి గుర్తు దగ్గరికే చేరుతుంది. చేరకపోతే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. చక్రం తన తప్పును తానే చెబుతుంది, గొర్రు చెప్పదు. ఒక బెజ్జం నుంచి మరో బెజ్జానికి కొలుచుకుంటూ పోతే ప్రతి అడుగులోనూ పావు అంగుళం తేడా వచ్చినా నాలుగో పంటికి చేరేసరికి అది ముప్పావు అంగుళం అవుతుంది, పొలంలో సాలు తప్పేదాకా ఆ సంగతి తెలియదు. అందుకు నమ్మదగిన మందు ఒక్కటే: పళ్ళ స్థానాలన్నిటినీ ఒకే కొన నుంచి గుర్తుపెట్టిన కొలకర్ర. ఆ కర్రనే గొర్రు మీదా దంతెల మీదా పెట్టి గీస్తే, అది అంగుళాల లెక్కలో ఎంత ఉన్నా రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. అంగుళాల పట్టీ చేతబట్టి వచ్చిన పరిశీలకులకు ఇది కొలతగా తోచలేదు. పట్టీ లేకపోవడాన్ని చూసి కొలతే లేదని వారు అనుకున్నట్టుంది.

ఈ జాగ్రత్తకు అసలు కారణం మేర పద్ధతిలో వెతకాలి. మేర అంటే కల్లంలో వడ్రంగికి ఏడాదికోసారి కొలిచే గింజలు. నాగలి మేడి వదులైనా, గొర్రు పన్ను ఊడినా, బాగుచేయడానికి వేరే కూలి ఉండేది కాదు. మరమ్మతంతా ఆ గింజల్లోనే కలిసి ఉండేది. అతుకు తప్పితే నష్టం రైతుదే కాదు, వానల మొదట్లో అందరి పనిముట్లూ ఒకేసారి ముందుకొచ్చే వడ్రంగిది కూడా. పాత అచ్చుతో కొత్త పన్ను చెక్కి వెంటనే బిగించగలిగినవాడే ఆ వారం గట్టెక్కేవాడు. కాబట్టి అచ్చు పల్లెలో పుట్టినది అందం కోసం కాదు, చదువువల్ల కాదు, ఉచిత మరమ్మతు భారంవల్ల.

ఈ వాదానికి హద్దులున్నాయి. కొత్త బండి వంటి పెద్ద పనులకు మేరతో సంబంధం లేకుండా విడిగా ధర కట్టే ఆనవాయితీ ఉండేది గనుక పూటీల అచ్చులకు ఈ కారణం పూర్తిగా వర్తించదు. అక్కడ మిగిలిన కర్రను వృథా చేయకుండా వంపు చెక్కలు తీయాలన్న పొదుపే ఎక్కువ పనిచేసి ఉంటుంది. పైగా అచ్చు ఒక్క ఇంటి ఆస్తి: ఒక ఊరి వడ్రంగి కొలకర్రతో చేసిన దంతెలు పక్క ఊరి గొర్రుకు సరిపోనవసరం లేదు. మేర పద్ధతిని కీర్తించడమూ పొరపాటే. వానలు ముఖం చాటేసిన ఏడు కల్లంలో గింజలు తగ్గితే ముందు కోతపడేది వడ్లవారి వాటాయే, పని మాత్రం తగ్గేది కాదు. చేతిలోని తెలివిని పెంచిన ఏర్పాటే ఆ చేతిని పేదగా ఉంచింది.

ఆ తరువాతి కథ చిన్నది. రబ్బరు టైర్ల బండ్లు, ట్రాక్టర్లు చెక్క చక్రానికి పని లేకుండా చేశాయి. పళ్ళ దూరాన్ని బోల్టులతో మార్చుకోగల ఇనుప విత్తన యంత్రాలు వచ్చాక కొలకర్ర అవసరమూ తీరింది. 1959లో బజారుకు వచ్చిన ఫెవికాల్, ఆ వెనుక ప్లైవుడ్, స్క్రూలు అతుకు బరువును కర్ర నుంచి జిగురుకూ ఇనుముకూ మార్చాయి. 2016 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేరిన షాద్‌నగర్ వంటి పట్టణాల ఫర్నిచర్ దుకాణాల్లో నేడు అచ్చులు లేవనుకుంటే పొరపాటు. తలుపు బందులకు గాడి తీయడానికి ప్లైవుడ్ ముక్కలతో చేసుకున్న చట్రాలు, రంపపు బల్ల మీద కర్రను నిటారుగా నడిపే జారుడు చెక్కలు పనివారు తమంతట తామే తయారుచేసుకుంటున్నారు, వాటిలో కొన్ని నిజంగా మెచ్చదగినవి. కానీ ఆ చట్రాల లక్ష్యం వేగం. విరిగిన భాగాన్ని పదేళ్ళ తరువాత మళ్ళీ అదే కొలతకు చేసి అమర్చగలగడం కాదు. పని ముగియగానే చట్రం పొయ్యిలోకో చెత్తలోకో పోతుంది. ప్రభుత్వ ఐటీఐలలో వడ్రంగం నేర్పేవారు కర్మాగారపు అతుకులకు ఇచ్చే శ్రద్ధలో కొంతైనా కొలకర్ర తర్కానికి ఇవ్వవలసి ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం గొర్రు భాగాల పేర్లను కాపాడింది. ఆ భాగాలు ఒకదానితో ఒకటి కలిసేలా చేసిన చెక్కలను కొలిచి, బొమ్మ గీసి, భద్రపరిచే పని, వాటిని వాడిన చివరి తరం బతికి ఉండగానే జరగాలి.