చేత్తో తాకి తెలుసుకునే విజ్ఞానం: బిర్లా సైన్స్ మ్యూజియంలో కుటుంబానికి ఒక రోజు

మంచిర్యాల: సెలవుల్లో పిల్లలను హైదరాబాద్ తీసుకెళ్లే జిల్లా కుటుంబాలు చార్మినార్, జంతు ప్రదర్శనశాల, ట్యాంక్‌బండ్ చూసి తిరిగి రావడం పరిపాటి. బిర్లా మందిరంలో స్వామివారిని దర్శించుకున్నవారు సైతం అదే గుట్టపై ఉన్న విజ్ఞాన ప్రదర్శనశాలను చూడకుండానే మెట్లు దిగిపోతుంటారు. అందులో నిలబెట్టిన రాక్షస బల్లి అస్థిపంజరం పరాయి దేశానిది కాదు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నేలలో దొరికిన ఎముకలతో కూర్చినది. ఆ ఒక్క కారణంతోనైనా ఈ ప్రాంత విద్యార్థులు అక్కడ ఒక పూట గడపడం సముచితం. పాఠ్యపుస్తకంలో బొమ్మగా మిగిలిపోయిన సూత్రాలను చేత్తో తాకి, తిప్పి, లాగి తెలుసుకునే వీలుండటం మరో కారణం.

‘తాకరాదు’ నుంచి ‘తాకి చూడండి’ వరకు

పాతకాలపు ప్రదర్శనశాలల్లో వస్తువులు అద్దాల వెనుక ఉండేవి. ‘తాకరాదు’ అన్న హెచ్చరిక ప్రతి గదిలోనూ కనిపించేది. జర్మనీలోని మ్యూనిక్‌లో 1903లో ఏర్పడిన డాయిష్ మ్యూజియం ఈ పద్ధతిని కొంత సడలించి, సందర్శకులే మీటలు నొక్కి, చక్రాలు తిప్పి యంత్రాల పనితీరును గమనించే ఏర్పాటు చేసింది. దీన్ని పూర్తి ఉద్యమంగా మలచిన ఘనత అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఆపెన్‌హైమర్‌కు దక్కుతుంది. అణుబాంబు పథకానికి శాస్త్ర సారథ్యం వహించిన రాబర్ట్ ఆపెన్‌హైమర్‌కు ఆయన స్వయానా తమ్ముడు. రాజకీయ కారణాలతో 1949లో విశ్వవిద్యాలయ ఉద్యోగం కోల్పోయి, కొలరాడో రాష్ట్రంలో పశువులు మేపుకొని జీవించారు. ఆ తర్వాత అక్కడి చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించారు. పరికరాలు లేవని ఆగిపోకుండా పిల్లలను పాత ఇనుప సామాను పారబోసే చోటికి తీసుకెళ్లి, విరిగిన యంత్ర భాగాలతోనే పాఠాలు చెప్పారు. ఆ అనుభవంతోనే 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఎక్స్‌ప్లొరేటోరియం’ను స్థాపించారు.

మన దేశంలో కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1959లో ప్రారంభమైంది. బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం 1962లో ఏర్పడింది. పట్టణాలకు రాలేని పిల్లల కోసం కోల్‌కతా మ్యూజియం 1965లో సంచార ప్రదర్శనను మొదలుపెట్టి, నమూనాలను బస్సులో ఎక్కించి పాఠశాలలకు పంపింది. ఇటువంటి సంస్థలన్నిటి నిర్వహణకు 1978లో జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి ఏర్పాటైంది. ఆ మండలి ఆధ్వర్యంలోనే తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో ప్రారంభమైంది. తిరుమల యాత్రకు వెళ్లే కుటుంబాలకు అది కూడా అందుబాటులో ఉన్నదే.

నౌబత్ పహాడ్‌పై మూడు అంచెలు

హైదరాబాద్‌లోని బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్ అంచెలంచెలుగా విస్తరించింది. ముందుగా నక్షత్రశాలను 1985లో నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. తర్వాత 1990లో సైన్స్ మ్యూజియం, 2000లో డైనోసారియం తోడయ్యాయి. నక్షత్రశాలలో గుండ్రని గోపురం లోపలి భాగమే తెర. అందులో కూర్చుని తల వెనక్కి వాల్చితే, పట్టణ దీపాల వెలుగులో కనిపించని తారలన్నీ కళ్ల ముందు నిలుస్తాయి. వేసవిలో ఆరుబయట మంచం వేసుకుని సప్తర్షి మండలం, గొల్లకావడి చూసిన తాతలు, నాయనమ్మలు పిల్లల పక్కన ఉంటే ఆ ప్రదర్శన మరింత అర్థవంతం అవుతుంది. నక్షత్రాల ఊరి పేర్లు చెప్పగలిగేది వారే.

ఏది ఎందుకలా జరుగుతుంది?

ఇటువంటి ప్రదర్శనశాలల్లో సాధారణంగా కనిపించే కొన్ని నమూనాల వెనుక సూత్రాలను పెద్దలు ముందే తెలుసుకుంటే పిల్లల ప్రశ్నలకు తడబడనక్కరలేదు.

దూరంగా ఎదురెదురుగా నిలబెట్టిన రెండు పెద్ద పళ్లేల వంటి అమరికల్లో ఒకదాని దగ్గర గుసగుసలాడితే రెండో దాని దగ్గర ఉన్నవారికి స్పష్టంగా వినిపిస్తుంది. పళ్లెం వంపు ధ్వని తరంగాలను చెదరనీయకుండా ఎదుటి పళ్లేనికి పంపుతుంది. అది వాటిని తిరిగి ఒకే బిందువు వద్దకు చేరుస్తుంది. ఇంటి మీది డిష్ యాంటెన్నా సంకేతాలను పోగుచేసేది ఈ తీరులోనే.

తిరిగే పీటపై కూర్చుని చేతుల్లో బరువులు పట్టుకుని, చాచిన చేతులను దగ్గరకు ముడిస్తే పీట వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. బరువు ఇరుసుకు దగ్గరైనప్పుడు కోణీయ ద్రవ్యవేగం మారకుండా ఉండాలంటే తిరిగే వేగం పెరగక తప్పదు.

రెండు శంకువులను అతికించిన దిమ్మె వాలు పట్టాలపై పైకి ఎక్కుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి పట్టాలు పైకి పోయేకొద్దీ ఎడంగా జరుగుతాయి. దిమ్మె వాటి మధ్యకు దిగిపోవడంతో దాని గరిమనాభి కిందికే పోతుంది. పక్కకు వంగి దిమ్మె నడిమి భాగాన్ని మాత్రమే గమనిస్తే ఈ గుట్టు తెలిసిపోతుంది.

రాగి, అల్యూమినియం పలకలపై చెరొక అరచేయి ఆనిస్తే మీటరు ముల్లు కదులుతుంది. అరచేతుల చెమటలోని లవణాలు, రెండు వేర్వేరు లోహాలు కలిసి చిన్నపాటి బ్యాటరీగా పనిచేస్తాయి.

ఒకటి, రెండు, మూడు గిలకలు బిగించిన కుర్చీల్లో కూర్చుని తమను తాము పైకి లాగుకునే అమరిక పిల్లలకు ఎంతో ఇష్టం. గిలకలు పెరిగేకొద్దీ బరువు తేలికవుతుంది. అయితే లాగవలసిన తాడు పొడవు పెరుగుతుంది. బలం తగ్గితే దూరం పెరుగుతుందన్న ఈ లెక్కే గడ్డపారకూ, ఏతానికీ వర్తిస్తుంది.

తొక్కితే తెలిసే విద్యుత్తు విలువ

పెడల్ తొక్కి బల్బు వెలిగించే సైకిలు ఈ జిల్లా పిల్లలు తప్పక ఎక్కదగినది. ఒక బల్బు వెలిగేటప్పుడు తేలికగా తిరిగే పెడల్, మరో రెండు బల్బులు కలిపితే బిగుసుకుంటుంది. ఎక్కువ వెలుగు కావాలంటే ఎక్కువ శ్రమ పెట్టాల్సిందేనని కాళ్లకే అర్థమవుతుంది. ఆరోగ్యవంతుడైన మనిషి నిలకడగా తొక్కితే సుమారు 100 వాట్లు పుట్టించగలడు. జైపూర్‌లోని సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,200 మెగావాట్లు. ఆ మొత్తాన్ని సైకిళ్లతో పుట్టించాలంటే 1.2 కోట్ల మంది ఏకకాలంలో ఆగకుండా తొక్కాలి. బొగ్గు గనిలో దిగే తండ్రి కష్టం ఎంతటిదో గని కార్మికుని బిడ్డకు ఈ లెక్క చెప్పినంతగా మరేదీ చెప్పలేదు.

మన నేల ఎముకలు

డైనోసారియంలోని ప్రధాన ఆకర్షణ ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’. ప్రాణహిత-గోదావరి లోయలోని ‘కోటా’ శిలల పేరు, ఎముకలు బయటపడిన యామన్‌పల్లి గ్రామం పేరు కలిపి దానికి ఆ నామకరణం జరిగింది. యామన్‌పల్లి వద్ద సుమారు 2,400 చదరపు మీటర్ల విస్తీర్ణంలో 840 ఎముక భాగాలు లభించాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. ఇది జురాసిక్ యుగపు శాకాహారి. పొడవు సుమారు 9 మీటర్లు.

ఆ ఎముకలన్నీ ఒకే జంతువువి కావు. కనీసం 12 జంతువులకు చెందినవి. అందువల్ల ప్రదర్శనలో కనిపించేది పలు జంతువుల ఎముకలతో కూర్చిన ఒక రూపం. తల విషయంలో దొరికినవి పళ్లు మాత్రమే, పుర్రె లభించలేదు. కాబట్టి తల ఆకారం దగ్గరి జాతులను బట్టి ఊహించినదే. ఏది దొరికింది, ఏది ఊహ అన్న ప్రశ్న వేయడం పిల్లలకు నేర్పితే శాస్త్రవేత్త ఆలోచనా విధానం వారికి పట్టుబడుతుంది. ఇన్ని జంతువులు ఒకే చోట చనిపోవడానికి కారణం వరద కావచ్చని భావిస్తున్నారు.

ప్రాణహితకు ఆవలి ఒడ్డున, మహారాష్ట్రలోని పోచంపల్లి వద్ద అదే కోటా శిలల్లో దొరికిన మరో రాక్షస బల్లికి రవీంద్రనాథ్ టాగూర్ గౌరవార్థం ‘బారాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో ఉంది. ఇరు ఒడ్లలోనూ ఎముకలు దొరికింది పల్లెల్లో, వాటిని చూసే భాగ్యం మాత్రం మహానగరాలకు దక్కింది. కనీసం విహారయాత్రల జాబితాలో ఈ పేరు చేర్చడం ఇక్కడి పాఠశాలల బాధ్యత.

రోజును ఇలా మలచుకోవాలి

కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైళ్లు ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి మెట్రో రైలులో అమీర్‌పేట వద్ద మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే ప్రదర్శనశాల సమీపంలోనే ఉంటుంది. ప్రవేశ వేళలు, రుసుము, తెలుగులో నక్షత్రశాల ప్రదర్శన ఎన్ని గంటలకో ముందు రోజే ఫోన్ చేసి తెలుసుకోవడం మేలు. చిన్నారులు చీకటికి జడిసే అవకాశం ఉన్నందున గోపురంలో ద్వారానికి దగ్గరి వరుసలో కూర్చోవాలి.

అన్ని నమూనాలూ ఒకే రోజు చూడాలన్న ఆరాటం వద్దు. పిల్లలు ఒకచోట పావుగంట ఆగితే ఆగనివ్వాలి. బోర్డుపై వివరణ చదివి వినిపించడానికి ముందు ‘ఏం జరుగుతుందనుకుంటున్నావు?’ అని అడగాలి. ఊహ తప్పినా చిన్నబుచ్చకూడదు. పరీక్షల్లో తప్పుకు మార్కులు పోతాయి గానీ ఇక్కడ మరోసారి తిప్పి చూసుకోవచ్చు. మగపిల్లలు ముందుకు దూకి మీటలు అందుకుంటుంటే ఆడపిల్లలు వెనుక నిలబడి చూడటం చాలాచోట్ల కనిపించే దృశ్యం. వారికీ వంతు దక్కేలా తల్లిదండ్రులే చూడాలి. పెద్దవారు కుర్చీ వెతుక్కుని కూర్చోకుండా గిలక, కావడి, బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎక్కించే విధానం వంటి తమకు తెలిసిన సంగతులను పిల్లలకు చెప్పాలి. కావడిలో బరువైన వైపు భుజానికి దగ్గరగా ఎందుకు జరుపుతారో చెప్పగల తాత ఆ గదిలో ఎవరికీ తీసిపోడు.

ఇంటికి వచ్చాక

ప్రయాణ ఖర్చు భరించలేని కుటుంబాలూ నిరాశ చెందనక్కరలేదు. రెండు ఖాళీ అగ్గిపెట్టెలకు దారం కట్టి బిగువుగా లాగి మాట్లాడుకుంటే ధ్వని ఘనపదార్థంలో ప్రయాణించే తీరు తెలుస్తుంది. గోడకు మడమలు ఆనించి నిలబడి, ముందున్న నాణేన్ని మోకాళ్లు వంచకుండా తీయమంటే ఎవరూ తీయలేరు. వంగినప్పుడు నడుము వెనక్కి జరగడానికి చోటులేక గరిమనాభి పాదాలను దాటి ముందుకు పోవడమే అందుకు కారణం. పెంకుటింట్లో సన్నని సందుల నుంచి నేలపై పడే గుండ్రని వెలుగు మచ్చలు సూర్యుని ప్రతిబింబాలే. పాక్షిక సూర్యగ్రహణం నాడు అవి నెలవంకల్లా మారతాయి. అప్పుడు సూర్యుని వైపు నేరుగా చూడకుండా నేల మీది మచ్చలను చూస్తే చాలు, గ్రహణం ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది.