కొత్వాలు ఖడ్గం నుండి పేరుబిళ్ళ దాకా

జవహర్‌లాల్ నెహ్రూ పితామహులైన గంగాధర్ నెహ్రూ 1857 తిరుగుబాటుకు పూర్వం కొంతకాలం ఢిల్లీ నగరానికి కొత్వాలుగా ఉండినారు. ఆయన చిన్న చిత్తరువు ఒకదానిని జవహర్‌లాల్ తమ ఆత్మకథలో వర్ణించారు. అందులో గంగాధరులు మొగలాయి దర్బారు దుస్తులు ధరించి, వంపు తిరిగిన ఖడ్గం చేతబట్టి ఉన్నారు. చూచినవారు ఆయనను మొగలాయి ప్రభువనుకొన్నా తప్పు లేదు. దొంగలను పట్టించి, రాత్రి గస్తీ నడిపించే అధికారి ఈయనే అని తెలిపే గుర్తు ఆ వర్ణనలో ఎక్కడా లేదు. వంశమూ, హోదా, దర్బారులో స్థానమూ, ఇవే ఆనాటి కొత్వాలు వేషం.

క్రింది ఉద్యోగుల సంగతి వేరు. చిన్న నౌకరును గుర్తించడానికి ఇత్తడి బిళ్ళ చాలేది. ఆ బిళ్ళకు హిందీలో ‘చప్రాస్’ అని పేరు. దానిని ధరించినవాడు చప్రాసీ. మన బిళ్ళబంట్రోతు అతనికి సోదరుడే. రెండు భాషలూ మనిషిని విడిచి బిళ్ళనే ఉద్యోగంగా ఎంచుకోవడం విశేషం.

1857 మే 11న సిపాయిలు నగరంలో ప్రవేశించిన నాడు, తన్నాశ్రయించిన మెజిస్ట్రేటు సర్ థియోఫిలస్ మెట్కాఫ్‌కు పహాడ్‌గంజ్ ఠాణాదారు ముయినుద్దీన్ హసన్ ఖాన్ హిందూస్థానీ దుస్తులిచ్చి తప్పించాడు. ఠాణాలో దొరికిన బట్టలు వీధిలోని బట్టలే కనుకనే ఆ ఉపాయం సాధ్యమయింది. తరువాతి కాలంలో అయితే ఠాణాలో దొరికే దుస్తులు ఎవరినీ దాచలేకపోయేవి.

ఆ వేసవిలోనే ధూళివన్నె ఢిల్లీ పొలిమేరలకు వచ్చింది. ‘ఖాక్’ అనగా మట్టి, ధూళి. 1846లో పెషావరులో హారీ లమ్స్‌డెన్ నెలకొల్పిన గైడ్సు దళం ఈ రంగును తొలుత వాడుకలోకి తెచ్చింది. ఆ దళమే మర్దాన్ నుండి నడిచివచ్చి ఢిల్లీ ముట్టడిలో చేరింది. తెల్లదొరల పటాలాలు కూడ తమ తెల్లబట్టలను మట్టిరంగులో ముంచుకొన్నాయి. మీరట్‌లో ఆంగ్లేయులు కూర్చుకొన్న స్వచ్ఛంద ఆశ్వికదళానికి ‘ఖాకీ రిసాలా’ అనే పేరే స్థిరపడింది.

శత్రువు కంటబడకుండా ఉండటానికి పుట్టిన రంగు ఇది. జనుల కంటబడటమే ధర్మంగా గల పోలీసుకు దీనిని తొడగడంలోని వింతను ఎవరూ అంతగా పట్టించుకొన్నట్లు లేదు. 1861 పోలీసు చట్టం వచ్చింది. అప్పటికి పంజాబులో చేరియున్న ఢిల్లీ ఆ చట్టం నీడలోకి పోయింది. క్రమంగా ఖాకీ దేశమంతటా పోలీసు రంగయింది. కాళ్ళకు పట్టీలు, మోకాళ్ళపై నిక్కరు, నెత్తిన ఎర్ర తలపాగా. కంటబడే పని ఆ తలపాగా చేసింది కాబోలు! హిందూస్థానీ మాట్లాడే నేలపై ‘లాల్ పగ్‌డీ’ అంటేనే పోలీసు. ఆ మాట వింటే పల్లె గుమ్మాలు మూతపడేవి. కానిస్టేబులుకు పేరు పోయి బెల్టు నంబరు మిగిలింది. తన్నులు తిన్నవాడు తరువాత చెప్పగలిగినది ‘ఖాకీవాడు కొట్టాడు’ అన్నంత మాత్రమే.

స్వాతంత్ర్యం వచ్చింది. అధికారుల భుజాలపై కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. గుడ్డ మాత్రం అదే. పాలన మారినా ఏలినవారి ధూళిని దులుపుకోవడానికి ఎవరికీ తొందర లేకపోయింది. ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులకు తెల్ల చొక్కా, నీలి పంట్లాము ఏర్పడ్డాయి. 1972లో ఐ.పి.ఎస్.లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ 1975 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీ పోలీసు దళాన్ని నడిపించారు.

2022 అక్టోబరులో ఢిల్లీకి చేరువనున్న ఫరీదాబాదు సూరజ్‌కుండ్‌లో రాష్ట్రాల హోంమంత్రుల సమావేశం జరిగింది. పోలీసులకు దేశమంతటా ఒకే దుస్తులుంటే బాగుండునని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అక్కడ సూచించారు. అది అయిదేళ్ళకో, యాభై ఏళ్ళకో, నూరేళ్ళకో కావచ్చునన్నారు. పోలీసు వ్యవస్థ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనిది. కలకత్తా నగర పోలీసులు నేటికీ తెల్లబట్టలే ధరిస్తున్నారు.

రంగు గూర్చిన ఈ చర్చ కన్న పెద్దదైన మార్పు అరచేతి వెడల్పు కూడ లేని ఒక బిళ్ళతో వచ్చింది. లాకప్పు మరణాల వార్తలు పత్రికలలో చూచి, పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థ అధ్యక్షులు డి. కె. బసు 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాశారు. ఆ లేఖనే కోర్టు పిటిషనుగా స్వీకరించింది. పదేళ్ళ తరువాత, 1996 డిసెంబరు 18న, ఢిల్లీలోని ఆ న్యాయస్థానం 11 ఆదేశాలు జారీ చేసింది. అరెస్టు చేసేవారూ, ప్రశ్నించేవారూ తమ పేరు, హోదా స్పష్టంగా కనబడే బిళ్ళ ధరించవలెననేది వాటిలో మొదటిది. చప్రాసీకి పేరు లేకుండా చేసిన బిళ్ళ ఇన్నాళ్ళకు పోలీసుకు పేరు తిరిగి ఇచ్చింది. అరెస్టు చేసే అధికారి పేరు కనబడవలెననే నియమం 2008 సవరణ చట్టంతో నేరవిచారణ స్మృతిలోకి ఎక్కింది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 36వ సెక్షను.